దేవరకొండల కిర్రు చెప్పుల దుకాణం, ఒక్కసారన్న పోయి కొలత ఇచ్చి రాండ్రి

బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరమే. చిన్న రేకుల దుకాణం, బోర్డు మీద ఇంటిపేరుతో సహా ఓనరు పేరు పెద్దక్షరాలల్ల ఉంటది. టౌన్ల ఒక మాదిగ కుటుంబం సొంత పేరుతోని బోర్డు కట్టిన మొదటి దుకాణాలల్ల ఇదొకటని మా నాయిన చెప్తడు. అంతకుముందు ఈ దుకాణం ఓనరు తాత వాళ్ల నాయిన మా ఊర్లె చెప్పులు కుట్టేది, బాయికాడ నీళ్లు తోడే మోటకు తోలు తొండం కుట్టేది, పైసల మాటే లేదు, కల్లం కాడ ఇన్ని జొన్నలు పోస్తే మూట కట్టుకొని పోవాలె. దొరల ఇండ్లకైతే ఆ జొన్నలు గూడ లేవు, వెట్టి. 1946 నుంచి 1951 దాక నల్లగొండల అంత తెలంగాణ సాయుధ పోరాటం నడిచిందంటే ఆ వెట్టి గూడ ఒక కారణమే. చెప్పులు కుట్టినాయన అవే చెప్పులు తొడుక్కొని మా వాకిలి ముంగట నడవనీకె లేకుండె, చేతుల పట్టుకొని పోవాలె. మా తాత ఆయన్ని పేరు పెట్టి ఏరా అనేటోడు, ఆయన మా తాతను పటేలా అనేటోడు. మా ఇంటి సంగతే ఇది, దాచిపెట్టుడు నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు ఆ దుకాణంల ధర ఆయన చెప్తడు. నేను మొన్న దసరాకు తీస్కున్న జత 1,100, బేరం లేదు, అడగకుండ్రి గూడ.

రెడీమేడ్‌వి ఉంటయి గని కొలత ఇచ్చి కుట్టించుకుంటెనే మంచిది. తెల్లకాయితం మీద కాలు పెట్టమని పెన్సిల్ నిలువుగ పట్టి చుట్టూత గీస్తడు, రెండు కాళ్లకు వేరేవేరేగ, ఎవ్వలియి రెండు కాళ్లు ఒక్కతీరుగ ఉండయంట, నా ఎడమకాలు వెడల్పని నాకు గూడ అప్పుడే తెల్సింది. రంపెతోని తోలు కోస్తుంటే చూడాలె, గీత మీద నడుమ ఆగకుండ ఒక్క తీర్గ పోతది చెయ్యి. ఆరెతోని పొడిచి కుట్టు గుంజినంక ఆ కుట్టు మీద బొటనవేలు పెట్టి ఒత్తి చూస్తడు, నచ్చకపోతే ఇప్పేసి మళ్ల కుడతడు.

ఒక ఇబ్బంది చెప్పాలె, కొత్తల పది దినాలు బొటనవేలు దూర్చే ఉంగటం కాడ వేలు ఒరుస్కపోతది. ఆముదం రాసి రాత్రంత పెడితే మెత్తవడ్తది, మన దిక్కు ఆముదానికేం కొదవ. వానల తడిస్తే ఎండల పెట్టొద్దు, పగుల్తది, నీడకే ఆరాలె.

ఇప్పుడైతే తోలు బయట కొంటరు. తాత చిన్నప్పుడు ఇంటికాన్నే తోలు నానవెట్టే లంద ఉండేదట, సున్నం నీళ్లల్ల బొచ్చు ఊడదీసి తంగేడు చెక్క నీళ్లల్ల దినాలకు దినాలు నానవెట్టేది. ఆ వాసన పేరు చెప్పి వాళ్లను ఊరి బయట ఉంచిన్రు, ఆ తోలైతే అందరి కాళ్లకు కావాల్సొచ్చింది.

మా తమ్ముడు అట్లాంటల ఉంటడు, అక్కడి ముచ్చట ఒకటి చెప్పిండు. అలొంజో హెర్న్‌డన్ అని 1858ల బానిసగ పుట్టినాయన, జార్జియాల జోన్స్‌బరో అనే చిన్న ఊర్లె మంగలి షాపు పెట్టి, తర్వాత అట్లాంటల పెద్ద షాపు పెట్టిండట. ఓనరు నల్లజాతాయన, గడ్డం గీసేటోళ్లు నల్లజాతోళ్లు, కుర్చీల కూసునేది మాత్రం తెల్లోళ్లే, నల్లోళ్లకు ఆ కుర్చీ లేదు. గా సంపాదనతోనే 1905ల ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టిండు. ఇది తాతకు చెప్తే ఆరె పక్కకు పెట్టి విన్నడు, అంత విని, ఆయన కొడుకు షాపు నడిపిండా అని అడిగిండు. కంపెనీ కొడుకే నడిపిండట తాతా అన్న. కౌంటర్ మీద ఫోన్ల పైసలు చూస్కుంటున్న మనుమని దిక్కు చూసిండు, ఏమనలేదు.

తమ్మునికి గూడ ఒక జత చెప్పిన. వాడు కాలు గీసిన కాయితం ఫోటో పంపితే మనుమడు ప్రింట్ తీసిండు, తాత స్కేలు పెట్టి చూసి, మీవోడు పెన్సిల్ వంచి గీసిండు, మళ్ల గీయమను అన్నడు.