బొద్దింకల జెల్, చెదల మందు, ఎలుకల బిళ్ళలు: మా ఇంట్లో ఏడేళ్ళ వాడకం

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. ముందు పెంకుటిల్లు, వెనక తర్వాత వేసుకున్న శ్లాబు వంటిల్లు. ఒక పక్క పంట కాలువ, మిగతా మూడు పక్కలా కొబ్బరి తోట. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు తప్ప గోడల అడుగు ఆరదు. ఇలాంటి ఇంట్లో పురుగూ పుట్రా కనపడకూడదంటే అది అత్యాశే. అయినా 2018 నుంచి ఏవేవో కొంటూనే ఉన్నాను. కొన్ని పనిచేశాయి, కొన్నిటికి డబ్బులు దండగ. దండగైన వాటిలో సగం తప్పు మందుది కాదు, మాది. ఏ పురుగో తెలుసుకోకుండా మందు కొన్నాం.

ముందు జెల్ సంగతి చెప్తాను, ఎక్కువ మార్కులు దానికే.

ఆ ఏడు దసరా వెళ్ళాక మా మరిదిగారు కాకినాడలో అద్దిల్లు ఖాళీ చేస్తూ వాళ్ళ ఫ్రిజ్ మాకు పంపించారు. మాది పాడైపోయి ఉంది కాబట్టి సంబరంగా పెట్టుకున్నాం. నెల తిరిగేసరికి పొయ్యి గట్టు మీద సన్న బొద్దింకలు. అప్పటిదాకా మాకు తెలిసిన బొద్దింక అంటే బాత్రూం తూములోంచి వచ్చే ఎర్రది. బొటనవేలంత ఉంటుంది, ఉక్కపోసిన రాత్రి రెక్కలు విప్పి మొహం మీదికే ఎగురుతుంది. ఇవేమో గోరంత కూడా లేవు. "దాని పిల్లలేనమ్మా ఇవి, తూములో పెట్టుంటుంది" అన్నారు అత్తయ్యగారు. నేనూ అదే అనుకున్నాను. ఆ అనుకోవడంతో ఎనిమిది నెలలు పోయాయి.

తూముల్లో వేడినీళ్ళు పోశాం, ఫినాయిలు పోశాం. సందు సందుకీ స్ప్రే కొట్టాం. కొట్టిన రాత్రి పదో పదిహేనో చచ్చి పడేవి. వారం తిరిగేసరికి పొయ్యి దగ్గరుండేవి కాస్తా దేవుడి గూట్లోకి, పడగ్గది స్విచ్ బోర్డులోకి చేరేవి. స్ప్రే ఘాటుకి చెదిరిపోయి, అంతవరకు లేని చోట్ల కాపురం పెట్టాయన్నమాట.

ఒక రాత్రి రెండింటికి మంచినీళ్ళకి లేచాను. ఎందుకో అనుమానం వచ్చి, ఫోను లైటు వేసుకుని ఫ్రిజ్ తలుపు రబ్బరును వేలితో మెల్లగా విడదీశాను. మడత పొడుగునా మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, అదంతా వాటి రెట్ట. మధ్యలో ఒకటి కదలకుండా ఉంది. తేనె రంగు, తల వెనక పలక మీద పక్కపక్కన రెండు నల్లటి గీతలు, కాటుక పుల్లతో గీసినట్టు. ఒంటికి రెక్కలున్నాయి, అంటే పిల్ల కాదు, పూర్తిగా పెరిగిందే. తోక చివర గోధుమగింజంత సంచి ఒకటి పట్టుకుని ఉంది, అడ్డంగా సన్నటి చారలతో. అది గుడ్ల సంచి.

దీన్ని జర్మన్ బొద్దింక అంటారని తర్వాత తెలిసింది. పేరుకే జర్మనీ. 2024లో జన్యువులు పరీక్షించిన శాస్త్రవేత్తలు దీని పుట్టిల్లు బంగాళాఖాతం చుట్టుపక్కలే, ఇండియా గానీ మయన్మార్ గానీ అన్నారు. మనూరి వాడే విదేశీ పేరు పెట్టుకుని తిరిగొచ్చాడన్నమాట, అదీ మా మరిదిగారి ఫ్రిజ్‌లో.

ఎర్రదానికీ దీనికీ తేడా తెలిస్తే సగం పని అయినట్టే. ఎర్రది తూముల్లో, సెప్టిక్ ట్యాంకు దగ్గర ఉంటుంది, తిండికి మాత్రం ఇంట్లోకొస్తుంది. ఈ సన్నది ఇంట్లోనే ఉంటుంది. ఫ్రిజ్ మోటారు దగ్గర, మిక్సీ అడుగున, అలమరా తలుపు బందుల్లో, వెచ్చగా ఇరుకుగా ఎక్కడుంటే అక్కడ. ఒక్కో సంచిలో ముప్పై నలభై గుడ్లు. పొదిగే సమయం దాదాపు దగ్గరపడే దాకా తల్లి దాన్ని వదలదు. స్ప్రే ఆ సంచి లోపలికి పోదు. పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్ళీ తల్లులవుతాయి. ఇక వేడినీళ్ళు తూములో పోసి ఏం లాభం?

జెల్ అమలాపురంలో కొన్నాను. సిరంజిలా ఉంటుంది ట్యూబు. మా ఆయన దాని మీద అక్షరాలు చదివి "ఇమిడాక్లోప్రిడా? చేలో దోమకి కొట్టేదేగా ఇది" అన్నారు. నిజమే, మందు అదే. కానీ జెల్‌లో 2.15 శాతమే, అదీ తిండిలో కలిపి. ఇంకో రకంలో ఫిప్రోనిల్ 0.05 శాతం ఉంటుంది, అదీ వరి రైతులకి తెలిసిన పేరే. ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. పేరు ఒకటే కదా అని చేలో మిగిలిన మందు నీళ్ళలో కలిపి వంటింట్లో కొట్టేవాళ్ళు మా చుట్టుపక్కల ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. చేలో కొట్టే మందు గాఢత వేరు, దాంట్లో కలిపే ద్రావకాలు వేరు, అన్నం వండుకునే గట్టు వేరు. ఒకప్పుడు ఇళ్ళలో ధారాళంగా కొట్టిన డైక్లోర్వాస్‌ని 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు. పాత సీసా అటక మీద ఉందని ఇంకా వాడేవాళ్ళని చూశాను.

పెట్టే పద్ధతి: ఆవగింజ కన్నా కాస్త పెద్ద బొట్లు, అవి తిరిగే చోట, చేతికి అందని చోట. మొదటిసారి నలభై దాకా పెట్టాను. "ఈ బొట్లకి చస్తాయా, బొట్టు పెట్టి పేరంటానికి పిలిచినట్టుంది" అన్నారు అత్తయ్యగారు. మూడో రోజు నుంచి పట్టపగలే తూలుతూ బయటికొచ్చి వెల్లకిలా పడటం మొదలైంది. తిన్నది వెంటనే చావదు, గూటికి పోయి చస్తుంది. దాని రెట్టా, దాని శవమూ మిగతావి తింటాయి, పిల్లలైతే మరీను. విషం అలా లోపలికి పాకుతుంది. నెలన్నరకి, సంచుల్లోంచి కొత్తవి వచ్చే సమయానికి, మళ్ళీ బొట్లు పెట్టాను. సంక్రాంతి లోపు ఇల్లు ఖాళీ.

లోపాలు లేకపోలేదు. ఎండాకాలం వంటింటి వేడికి బొట్టు రాయిలా గట్టిపడుతుంది, అప్పుడు ఏదీ ముట్టదు. మొదటి నెలలోనే శుక్రవారం గట్టు కడుగుతూ అత్తయ్యగారు సగం బొట్లు తుడిచేశారు. "ఏదో మరకనుకున్నానమ్మా." జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టినా, ఫినాయిలు తుడిచినా బొద్దింక ఆ పక్కకి రాదు, డబ్బులు పోసినట్టే. నాలుగో ఏడు అదే ట్యూబు అంతగా పనిచేయలేదు. రెండో రకానికి మార్చాక దారికొచ్చాయి. తీపి రుచి చూస్తేనే వెనక్కి పోయే బొద్దింకల్ని అమెరికాలో 1990ల్లోనే గుర్తించారు, వాటికీ తెలివితేటలున్నాయి. అప్పట్నుంచి ఏడాదికో రకం మార్చుతున్నాను. ఎర్ర బొద్దింకకి మాత్రం ఇది దండగ. అది తిని చచ్చినా తూములోంచి ఇంకోటి వస్తుంది. తూముకి సన్న జాలీ వేసుకోండి, అంతే. జెల్‌కి ఐదుకి నాలుగున్నర.

బోరిక్ పొడి ఉండలు కూడా చేసి చూశాను. గోధుమపిండి, పంచదార, ఉల్లిపాయ రసం కలిపి చేస్తారు. చెమ్మ లేని ఊళ్ళలో బాగానే పనిచేస్తాయేమో. మా చెమ్మకి వారంలో మెత్తబడి బూజు పట్టాయి. పిల్లలున్న ఇంట్లో అవి లడ్డూల్లా కనిపించడం ఇంకో టెన్షన్. రెండు మార్కులు.

చెదల సంగతికి వస్తే అక్కడా తప్పులో కాలేశాం. 2020 వానాకాలంలో సామాన్ల గదిలో తాతలనాటి భోషాణం కింద రోజూ సన్నటి పిండి రాలుతోంది. చెదలు అనుకుని కంపెనీ వాళ్ళని పిలిచాం. వచ్చినాయన భోషాణం వైపు కన్నెత్తి కూడా చూడకుండా "చెదలేనండీ, డ్రిల్లింగ్ చేసెయ్యాలి" అన్నాడు. గోడకీ నేలకీ కలిసే చోట అడుగడుక్కీ బెజ్జం వేసి మందు పోశాడు, బిల్లు పెట్టాడు. నెలకి మళ్ళీ పిండి. అది చెద కాదు, పుచ్చు పురుగు. చెక్కలో గుండ్రటి బెజ్జాలు, కింద పిండి కనిపిస్తే పుచ్చు. నేలలోంచి వచ్చే చెద పిండి రాల్చదు, మట్టి తెస్తుంది. గోడ మీద, గుమ్మం మీద పెన్సిలు మందాన మట్టి గొట్టం కట్టుకుని అందులోంచి నడుస్తుంది. భోషాణాన్ని ఎండలో పెట్టి, చెక్క పురుగు మందు బెజ్జాల్లోకి సిరంజితో ఎక్కిస్తే నెలలో సరిపోయింది. డ్రిల్లింగ్‌కైన దాంట్లో ఇరవయ్యో వంతు ఖర్చు కూడా కాలేదు.

అసలు చెదలు 2022లో వచ్చాయి, వీధి గుమ్మం ద్వారబంధానికి. తొలకరి పడిన సాయంత్రం లైటు చుట్టూ ఉసుళ్ళు, అంటే రెక్కలొచ్చిన చెదలు, ముసిరాయి, తెల్లారేసరికి అరుగు నిండా రాలిన రెక్కలు. రెక్కల చీమలు కూడా అలాగే వస్తాయి గానీ చీమకి నడుము సన్నం, ముందు రెక్కలు పెద్దవి. ఉసులుకి నడుమే ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడుగు. గుమ్మం పక్క మట్టి గొట్టం కనిపిస్తే రెండంగుళాలు గీకేసి రెండ్రోజులు ఆగాను. మళ్ళీ కట్టేసింది, అంటే లోపల ప్రాణం ఉంది. ఈసారి వచ్చిన కుర్రాడు జాగ్రత్తపరుడు. ఇంచుమించు అడుక్కో బెజ్జం, ఒక్కోదాంట్లో లీటరు దాకా, నేల తాగినంత పోసి, తెల్ల సిమెంటుతో మూసాడు. "బావి వైపు వద్దండీ, ఇక్కడ నీళ్ళు పైనే ఉంటాయి" అని తనే అన్నాడు. డెల్టాలో ఇది అడిగి తీరాల్సిన ప్రశ్న. మూడేళ్ళుగా గొట్టం కనపడలేదు. నాలుగు మార్కులు, రెండోసారికి మాత్రమే.

ఎలుకలు సార్వా (వానాకాలం వరి) కోతలప్పుడు వస్తాయి. చేలో గింజ అయిపోగానే గాదె వెతుక్కుంటూ ఊళ్ళోకి దిగుతాయి. దాళ్వా (రెండో పంట) కోతలకి ఇంకోసారి. బ్రోమాడియోలోన్ బిళ్ళలు వాడుతున్నాను, 0.005 శాతం. తిన్న నాలుగైదు రోజులకి, ఒంట్లో రక్తం గడ్డకట్టక చస్తాయి. వెంటనే చావవు కాబట్టి మిగతావాటికి అనుమానం రాదు. చిక్కల్లా ఎక్కడ చస్తాయో తెలియకపోవడమే. ఒకసారి అటక మీద పెంకుల సందులో చచ్చింది, వారం రోజులు ముందు గదిలో భోజనాలు లేవు. పొరపాటున కుక్కో పిల్లాడో తింటే దీనికి విటమిన్ కె విరుగుడుగా ఉంది, అయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. నల్లటి జింక్ ఫాస్ఫైడ్ పొడికి విరుగుడు లేదు, అందుకే అది మా గడప తొక్కనివ్వను. బిళ్ళలకి మూడున్నర. తోటలో చెట్ల మీద లేతకాయలు కొట్టే ఎలుకలకి మాత్రం మొదలు చుట్టూ రేకు కట్టడం కన్నా మంచి మందు నాకు కనపడలేదు.

జిగురు అట్టకి ఒక్క మార్కు కూడా ఇవ్వను. మొదటి రాత్రే చుంచు అతుక్కుంది. ముక్కు పొడుగు, కంపు, కీచుమని ఒకటే అరుపు. చుంచు ఎలుక జాతి కాదు. బట్టలు కొరకదు, బొద్దింకల్నీ పురుగుల్నీ తింటుంది. నూనె రాసి విడిపించడానికి అరగంట పట్టింది, చెయ్యి కొరికింది.

బియ్యంలో ముక్కు పురుగుకి ఏ మందూ వాడను. ఎండబెట్టి, వేపాకు వేసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోస్తాను. బస్తాల్లో పెట్టమని గోడౌన్లలో వాడే గ్యాసు బిళ్ళ ఒకాయన చేతిలో పెట్టబోయాడు, మనుషులు పడుకునే ఇంట్లో అది ప్రాణాంతకం, తిప్పి పంపేశాను.

చీమలకి గచ్చు పగుళ్ళు సిమెంటుతో పూడ్చాం, చాలా వరకు తగ్గాయి.

ఈ నెల ఫ్రిజ్ వెనక బొట్లు మార్చాలి. పోయిన వారం మరిదిగారు ఫోన్ చేసి వాళ్ళ పాత వాషింగ్ మెషీన్ కావాలా అని అడిగారు. "ఆయ్, తెమ్మనండి, కానీ వారం రోజులు పశువుల పాకలో పెట్టి, వెనక రేకు విప్పి చూశాకే లోపలికి" అన్నారు అత్తయ్యగారు.