అంబాసిడర్‌కి అల్యూమినియం రేడియేటర్ వేయించా: హైవే మీద సూపర్, టోల్ గేట్ దగ్గర మాత్రం ఏడిపించింది

మాది 1997 మోడల్ అంబాసిడర్, 1800 ఐఎస్‌జెడ్, అదే ఇసుజు పెట్రోల్ ఇంజిన్‌ది, కార్బురేటర్ బండి. నాన్న కొన్నారు, ఇప్పుడు నేను తోలుతున్నా. దీనికి ఏసీ మేం తర్వాత బయట పెట్టించాం, గొడవంతా అక్కడే మొదలైంది. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ వచ్చి రేడియేటర్ ముందు కూర్చుంది, ఇక రేడియేటర్‌కి తగిలేది ఆల్రెడీ వేడెక్కిన గాలే కదా. మే నెలలో విజయవాడ నుంచి హైదరాబాద్ పోతుంటే నందిగామ దాటేలోపు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరకి పోయేది, ఏసీ ఆపి అద్దాలు దించి హీటర్ ఫుల్లుగా పెట్టి, బయట 43 డిగ్రీల్లో ఆ వేడి మన మొహానికే కొట్టుకుంటూ సూర్యాపేట దాకా పోవడం. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే కాబట్టి ఆ చిట్కా పనిచేస్తుంది, కాకపోతే వెనక సీట్లో అమ్మ మొదలుపెట్టే తిట్లు కూడా పనిచేస్తాయి.

పాత రాగి రేడియేటర్ని రెండుసార్లు విప్పి రాడ్ చేయించాం (అంటే ట్యూబుల్లో సన్నటి ఊచ దూర్చి క్లీన్ చేయడం), లీకులకి మూడుసార్లు మాటు వేయించాం. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన పాపం, పై ట్యాంకు విప్పితే గీజర్ కాయిల్ మీద పట్టినట్టు తెల్లగా సున్నం, సగం ట్యూబులు మూసుకుపోయి ఉన్నాయి. ఇంకోసారి క్లీన్ చేయిస్తే ట్యూబులే చిల్లులు పడతాయన్నారు.

సరే అని విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో అడిగా (పేరు రాయను, ఎందుకో చదివితే తెలుస్తుంది). రెండు దారులు చెప్పారు, అదే ట్యాంకులకి కొత్త రాగి కోర్ (ట్యూబులు, రెక్కలు ఉండే మధ్య భాగం) వేయడం, లేదా అల్యూమినియం కోర్ తెప్పించి ట్యాంకులు ఆర్గాన్ వెల్డింగ్‌తో కొత్తగా కట్టడం. అల్యూమినియం కంటే రాగే వేడిని బాగా లాగుతుంది కదా అని నాకూ డౌటు వచ్చింది. లోహం వరకు చూస్తే నిజమే, కానీ పాత రేడియేటర్లలో ట్యూబులు ఇత్తడివి, రెక్కలు రాగివి, ఆ రెండింటినీ కలిపేది టంకం, ఆ టంకం వేడిని అంత బాగా దాటనివ్వదు. అల్యూమినియం దాంట్లో ట్యూబు, రెక్క ఒకే లోహంతో అతుక్కుని ఉంటాయి, పైగా ట్యూబులు వెడల్పుగా పెట్టొచ్చు, అందుకే మొత్తం మీద లెక్క సరిపోతుంది, బరువూ బాగా తగ్గుతుంది. ఒకటే మైనస్, పల్లెటూళ్లో రాయి తగిలి లీకైతే రాగి దానికి ఎవడైనా మాటు వేస్తాడు, దీనికి ఆర్గాన్ వెల్డింగ్ వాడిని వెతుక్కోవాలి. నేను అల్యూమినియమే తీసుకున్నా, ఫిట్టింగ్‌తో కలిపి 16,500 అయింది.

పని గురించి చెప్పాలంటే వెల్డింగ్ నిజంగా నీట్‌గా ఉంది, నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టి నా ముందే చూపించారు, ఒక్క బుడగ లేదు. రెండ్రోజులన్నది ఆరు రోజులు పట్టింది, ఆటోనగర్‌లో అది మామూలే అనుకోండి. కింద రబ్బరు బుష్‌లు లేకుండా నేరుగా ఇనప క్లాంపులకి బోల్టు బిగించేశారు, అలా ఉంటే అదురుకి అల్యూమినియం మూలల్లో పగులుతుంది, నేనే చూసి మళ్లీ విప్పించా. రేడియేటర్ క్యాప్ కూడా స్ప్రింగ్ సాగిపోయిన పాతదే పెట్టారు. చాలామంది క్యాప్‌ని మూత అనుకుంటారు, అది ప్రెషర్ పట్టే వాల్వు, 0.9 (బార్‌లలో ప్రెషర్) అని రాసున్న మంచి క్యాప్ ఉంటే ఉత్త నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు, క్యాప్ ప్రెషర్ పట్టకపోతే 100కే తుకతుక. కొత్తది రెండొందలు కూడా కాలేదు.

ఇక రిజల్టు. బండిలో వచ్చిన మీటర్‌ని నమ్మలేక విడిగా నంబర్లున్న గేజ్ పెట్టించుకున్నా. ఇదే రోడ్డు, ఏసీ ఆన్, 80 స్పీడు, మే నెల మధ్యాహ్నం. ముందు 105 చూపించేది ఇప్పుడు 86 దగ్గర నిలబడిపోయింది, హైదరాబాద్ దాకా ఏసీ ఆపలేదు. అమ్మ నిద్రపోయింది, అంతకన్నా మంచి రివ్యూ నేను రాయలేను.

కానీ అదే మేలో బెంజ్ సర్కిల్ సిగ్నళ్ల దగ్గర 100 దాటింది. ఎండలే అని సరిపెట్టుకున్నా. ఈలోపు డిసెంబర్ వచ్చింది, పొద్దున్నే బయల్దేరితే పది కిలోమీటర్లు పోయినా గేజ్ 60 దాటట్లేదు, చోక్ లోపలికి నెడితే బండి తడబడుతోంది, మైలేజీ పడిపోయింది, ఆయిల్ మూత తీస్తే లోపల తెల్లగా మీగడలా పట్టి ఉంది. ఇంజిన్లో నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో అని గుండె జారింది, కానీ నీళ్లు తగ్గట్లేదు, పొగ లేదు. విప్పి చూస్తే థర్మోస్టాట్ వాల్వే లేదు! షాపుకి ఫోన్ చేస్తే మేస్త్రి కూల్‌గా "మన ఎండలకి అది అక్కర్లేదు సార్, అందరికీ తీసేస్తాం" అన్నాడు. నన్ను ఒక్క మాట అడగకుండా!

ఇంజిన్ ఎంత వేడిలో నడవాలో డిసైడ్ చేసేది థర్మోస్టాట్. 82 డిగ్రీలది అయితే 82కి తెరుచుకోవడం మొదలై ఇంకో పది పన్నెండు డిగ్రీల్లో పూర్తిగా తెరుచుకుంటుంది, దానికి ముందు నీళ్లని రేడియేటర్లోకి పోనివ్వదు. ఆ తర్వాత పెరగకుండా పట్టుకోవడమే రేడియేటర్ పని. వాల్వు తీసేసి పెద్ద రేడియేటర్ పెడితే ఇంజిన్ చలికాలమంతా పచ్చిగానే తిరుగుతుంది, ఆయిల్లో చేరిన తేమ ఆవిరి కాదు, ఆ మీగడ అదే. కొత్త 82ది వేయించా, వేసేముందు గిన్నెలో వేడినీళ్లలో దారంతో వేలాడదీసి థర్మామీటర్ పెట్టి తెరుచుకోవడం చూసుకున్నా (గిన్నె విషయం ఇంట్లో ఇంకా తెలీదు). వారంలో మీగడ పోయింది.

అప్పుడొచ్చింది సంక్రాంతి. పంతంగి టోల్ దగ్గర ఆ రద్దీ సంగతి వేరే చెప్పాలా, రాత్రి తొమ్మిది, బయట చలి, బండి అంగుళం అంగుళం కదులుతోంది, గేజ్ 103! ఇక ఎండ మీద నెపం పెట్టే చాన్స్ లేదు. అప్పుడు వెలిగింది, స్పీడులో పోతుంటే గాలి దానంతటదే దూసుకొస్తుంది కాబట్టి అక్కడ హీటెక్కితే రేడియేటరో నీటి పంపో అనుమానించాలి, నిలబడ్డప్పుడు మాత్రమే హీటెక్కితే గాలి రావట్లేదన్నమాట. మా బండి ఫ్యాన్ బెల్టుతో తిరిగేది, ఐడిల్‌లో అదీ నీరసంగానే తిరుగుతుంది, పైగా చుట్టూ ష్రౌడ్ (రేడియేటర్ మొత్తం మీంచి గాలి లాగేలా ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) లేదు, తన ఎదురుగా ఉన్న గుండ్రటి ముక్క నుంచే గాలి లాగుతుంది, నాలుగు మూలలూ వేస్ట్. అంటే పదహారు వేలు పెట్టిన రేడియేటర్లో చాలా భాగం ట్రాఫిక్‌లో ఊరికే కూర్చుంటోంది.

రేకు పని చేసే ఆయన దగ్గర కొలతలిచ్చి ష్రౌడ్ చేయించా, 1,200. ఫ్యాన్ రెక్కలు సగం లోపల సగం బయట ఉండేలా, ఇంజిన్ ఊగినా తగలకుండా చుట్టూ అంగుళం ఖాళీ వదిలి. మొన్న మేలో బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీతో ఇరవై నిమిషాలు ఇరుక్కున్నా, 94 దాటలేదు. ఈ మాట షాపువాళ్లు మొదటిరోజే చెప్పి ఉంటే నాకు పంతంగిలో ఆ టెన్షన్ తప్పేది.

అల్యూమినియం వేయించుకునేవాళ్లు బోరు నీళ్లు మాత్రం పోయకండి. నేను 40 శాతం కూలెంట్, మిగతాది బ్యాటరీ వాటర్ (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) పోస్తున్నా, మనకి గడ్డకట్టే చలి లేదు కాబట్టి సగానికి సగం అక్కర్లేదు, నీళ్లే వేడిని ఎక్కువ మోస్తాయి, కానీ ఉత్త నీళ్లు పోస్తే లోపల తినేస్తుంది. కూలెంట్ రంగు చూసి కలపొద్దు, పచ్చదైనా ఎర్రదైనా రంగు కంపెనీ ఇష్టం, డబ్బా మీద రకం చదవండి.

ఇంకో సంగతి, పాత రేడియేటర్ అడిగి తెచ్చుకోండి. మా షాపులో "అది మేమే ఉంచేసుకుంటాం సార్" అని తేలిగ్గా అనేశారు, రాగి రేటు తెలిసినవాడు ఎవడైనా వదులుతాడా, బిల్లులోనేమో ఒక్క రూపాయి తగ్గించలేదు. అరగంట వాదించి డిక్కీలో వేసుకొచ్చా.

రేడియేటర్‌కి ఐదుకి నాలుగున్నర, షాపుకి రెండు, ఆ రెండూ వెల్డింగ్ చేసిన కుర్రాడికి. రేకు పనాయనకి ఐదుకి ఐదు.