హెడ్‌ఫోన్ యాంప్: బ్యాలెన్స్‌డా, సింగిల్ ఎండెడా? ఏది మేలు?

ముందు మీ హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ (కరెంటుకు అది చూపే నిరోధం) ఎన్ని ఓమ్‌లో చూడండి. సగం తీర్పు అక్కడే తేలిపోతుంది.

సింగిల్ ఎండెడ్‌లో చానల్‌కు ఒక్క యాంప్ (సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్) ఉంటుంది. కుడి ఎడమల కరెంటు ఒకే గ్రౌండ్ (ఉమ్మడి తీగ) మీదుగా వెనక్కి వస్తుంది. బ్యాలెన్స్‌డ్‌లో చానల్‌కు రెండు యాంప్‌లు డ్రైవర్ (హెడ్‌ఫోన్‌లో మోగే చిన్న స్పీకర్) రెండు కొసలనూ ఎదురు ఫేజుల్లో, అంటే ఒకటి పైకెళ్తే రెండోది కిందికెళ్లేలా, నడుపుతాయి. అందుకే వోల్టేజి రెట్టింపవుతుంది. 300 ఓమ్‌ల సెన్‌హైజర్ హెచ్‌డీ 600కు 2 వోల్టుల యాంప్ 13 మిల్లీవాట్లిస్తే, అదే సర్క్యూట్ బ్యాలెన్స్‌డ్‌లో 53 ఇస్తుంది. ఇలాంటి హెడ్‌ఫోన్‌కైతే బ్యాలెన్స్‌డే మేలు.

32 ఓమ్‌ల దగ్గర కథ వేరు. ఎన్ఈ5532 ఆప్‌యాంప్ (యాంప్లిఫయర్ చిప్) ఎంత నెట్టినా ఇచ్చేది సుమారు 38 మిల్లీయాంపియర్లు. ఆ పీక్ కరెంటుతో వచ్చేది 23 మిల్లీవాట్లే. రెండింటిని ఎదురెదురుగా పెట్టినా డ్రైవర్‌లో పారే కరెంటు పెరగదు కాబట్టి పవరూ పెరగదు. పైగా అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (యాంప్ సొంత నిరోధం) రెట్టింపవుతుంది, యాంప్‌ల సొంత హిస్ (సన్నని బుస శబ్దం) 3 డెసిబెల్స్ పెరుగుతుంది. సున్నితమైన ఇయర్‌ఫోన్లలో అది వినపడుతుంది. వాటికి సింగిల్ ఎండెడే నయం. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 2 ఓమ్‌లు దాటకుండా చూసుకుంటే చాలు.

సింగిల్ ఎండెడ్‌కున్న అసలు లోపం ఆ ఉమ్మడి గ్రౌండే. అక్కడ 0.2 ఓమ్‌ల నిరోధం చేరినా 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లో క్రాస్‌టాక్ (ఒక చానల్ ధ్వని రెండో దాంట్లోకి చొరబడటం) మైనస్ 44 డెసిబెల్స్‌కు చేరుతుంది. విశాఖలో, అందులోనూ బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో, ఉప్పుగాలికి జాక్ కాంటాక్టులు తొందరగా పాడై ఆ నిరోధాన్ని పెంచుతాయి. యాంప్ ఆపి, ప్లగ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక నాలుగైదుసార్లు పెట్టి తీయండి. దీనికోసం కొత్త యాంప్ కొనక్కర్లేదు.

ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే బజ్ వస్తోందా? బ్యాలెన్స్‌డ్ హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ దాన్ని ఆపలేదు. గ్రౌండ్ లూప్ (పరికరాల గ్రౌండ్‌లు చుట్టులా కలిసి బజ్ తెచ్చే దారి) ఉన్నది ఇన్‌పుట్ వైపు. సిగ్నల్‌ను కాంతిగా తీసుకునే ఆప్టికల్ ఇన్‌పుట్ వాడితే ఆ దారి తెగుతుంది.

కేబుల్ సంగతీ చూడాలి. రెండు కప్పులకూ విడివిడిగా కేబుల్ వెళ్లే హెడ్‌ఫోన్ అయితే 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ ప్లగ్ ఉన్న కేబుల్‌కు మారిస్తే సరి. ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ లాంటి ఒంటివైపు కేబుల్‌లో ఉన్నవి మూడు తీగలే, బ్యాలెన్స్‌డ్‌కు నాలుగు కావాలి కాబట్టి లోపల వైరింగ్ మార్చాల్సిందే. బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌కు 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ తగిలించే అడాప్టర్ మాత్రం వద్దు. రెండు చానళ్ల మైనస్ అవుట్‌పుట్లు ఒకదానికొకటి షార్టై యాంప్ కాలిపోవచ్చు.

రెండూ విని తేల్చుకునేటప్పుడు వాల్యూమ్ సమం చేయండి, లేదంటే 6 డెసిబెల్స్ ఎక్కువ మోగేదే గెలుస్తుంది. హెడ్‌ఫోన్ తగిలించి ఉంచి 100 హెర్ట్జ్ టోన్ వేయండి. మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో కొలవండి. బ్యాలెన్స్‌డ్‌లో ఒకే చానల్ ప్లస్, మైనస్‌ల మధ్య కొలవాలి, గ్రౌండ్‌కు కాదు. రెండు రీడింగుల తేడా 1 శాతం లోపు ఉండాలి.