పల్నాడులో ఒక్క రోజు: అమరావతి మ్యూజియమా, నాగార్జునకొండా?

"అన్నయ్యా, గుంటూరు వస్తున్నాం. ఒక్క రోజు ఖాళీ దొరుకుతుంది. పిల్లలకి అమరావతి చూపించమంటావా, నాగార్జునకొండ చూపించమంటావా?" అని మా చెల్లెలు ఫోన్ చేసింది. రెండూ పల్నాడు జిల్లాలోవే, రెండూ నాకు ఇష్టమైనవే. అందుకే వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

సులువు చూసుకుంటే అమరావతే మేలు. గుంటూరు నుంచి గంట ప్రయాణం, బస్సులున్నాయి. అమరేశ్వరుడి దర్శనం, బౌద్ధ స్తూపం, మ్యూజియం మూడూ దగ్గర దగ్గరే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే రెండో ఆలోచనే అక్కర్లేదు.

కానీ మహాచైత్యం, అంటే ఆ పెద్ద స్తూపం శిల్పాలన్నీ అక్కడే ఉంటాయనుకుని వెళ్తే నిరాశే. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె అనే దిబ్బలో ఈ రాళ్లు బయటపడ్డాయి. బ్రిటిష్ సర్వే అధికారి మెకంజీ 1790ల చివర్లో వచ్చి చూశాడు. కొన్ని పలకలు కట్టడాల్లో కలిసిపోయాయి, కొన్ని సున్నం బట్టీలకు పోయాయి. తర్వాత తవ్వి తీసిన వాటిలో మేలైనవి చాలావరకు చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికీ, లండన్ బ్రిటిష్ మ్యూజియానికీ చేరాయి. ఇక్కడ ఉన్నది మిగిలిన భాగం. ఆ మిగిలినదాంట్లోనూ పద్మం రేకుల మెలికలు చూస్తే, రాయి ఇంత మెత్తగా ఎలా వంగిందా అనిపిస్తుంది. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలోని పూర్ణకుంభం ఈ ఊరి శిల్పాల్లోదే అని పిల్లలకి చెప్పండి, ఆసక్తిగా చూస్తారు. ముందు స్తూపం నమూనా దగ్గర నిలబడి, ఆ తర్వాత బయటున్న దిబ్బ దగ్గరికి వెళ్తే పోయిందేమిటో అర్థమవుతుంది. నాకు ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది.

నాగార్జునకొండలో జరిగింది వేరు. అక్కడ శిల్పాలు మిగిలాయి, ఊరు మునిగింది. 1955లో సాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన జరిగింది. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయ నీటి పాలవుతుందని ముందే తెలిసి, 1954 నుంచి 1960 దాకా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండపైకీ, ఒడ్డునున్న అనుపుకీ తెచ్చి మళ్లీ పేర్చారు. ఆ కొండే ఇప్పుడు దీవి. దాని మీద మ్యూజియం 1966లో తెరిచారు.

డ్యామ్ దగ్గరున్న ఇప్పటి ఊరు విజయపురి సౌత్ నుంచి లాంచీలో ముప్పావు గంట, గంట పడుతుంది. పోయినసారి మా పక్కన కూర్చున్న పిల్లాడు ఎంతసేపూ నీళ్లలోకే చూస్తూ, "తాతా, ఊరు కనపడట్లేదే?" అని అడుగుతూనే ఉన్నాడు. మ్యూజియంలో లోయ మొత్తం నమూనాగా పెట్టారు. విహారాలు, స్తూపాలు ఎక్కడెక్కడ ఉండేవో అందులో ఉంది. ఆ పిల్లాడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, మనం వచ్చింది దీని మీదనుంచేనా అన్నాడు. ఆ నమూనా, మూడు మీటర్ల నిలువెత్తు బుద్ధుడు, ఇక్ష్వాకుల సీసపు నాణేలు చూడటానికే రెండు గంటలు పట్టింది.

చిక్కల్లా లాంచీతోనే. జనం పోగయితేగానీ కదలదు, వాతావరణం బాగోకపోతే అసలు ఉండదు. బయలుదేరేముందు ఫోన్ చేసి కనుక్కోండి, పొద్దున్నే చేరండి. లాంచీ దొరక్కపోతే రోడ్డు మీదే అనుపు వెళ్లొచ్చు. అక్కడి రంగస్థలం మధ్యలో చప్పట్లు కొడితే పై మెట్టు దాకా వినిపిస్తుంది. శుక్రవారం రెండు మ్యూజియాలకీ సెలవు.

మాచర్ల మీదుగా తిరిగొస్తుంటే దుర్గి దగ్గర ఆగండి. అక్కడి శిల్పాలకు జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా ఉంది. షెడ్డు కింద ఉలి దెబ్బకు తెల్లటి పొడి రాలుతుంటే, సగం చెక్కిన విగ్రహం మోకాళ్ల దాకా ఇంకా బండలోనే ఉంటుంది. మ్యూజియంలో పూర్తయిన పని చూసిన కళ్లతో, అదే పల్నాటి రాతి మీద పని నడుస్తుండగా చూడటం నాకు ఎంతో ఇష్టం.

అందుకే చెల్లెలికి నాగార్జునకొండే చెప్పాను. అత్తగారు కూడా వస్తారని మర్నాడు ఫోన్ చేసింది. అయితే అమరావతికే వెళ్లమన్నాను, కొండకి వేసవి సెలవుల్లో నేనే తీసుకెళ్తానని పిల్లలకి మాటిచ్చాను.