తాళం వేసిన ఇంటికి పోలీసు నిఘా: ఎల్‌హెచ్‌ఎంఎస్ ఎంతవరకు పనికొస్తుంది?

రిటైరైనవాళ్లు ఎక్కువగా ఉండే గేటెడ్ కాలనీల్లో దొంగలు వెతికేది తాళం వేసిన ఇంటినే. పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లు నెలల తరబడి రారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఉన్నా, వెనక ప్రహరీ అవతల ఖాళీ ప్లాట్లుంటే అటునుంచి దిగడం పెద్ద పనేం కాదు. ఇలాంటి ఇళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఉచితంగా అందిస్తున్న సేవ లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, అంటే ఎల్‌హెచ్‌ఎంఎస్. తెలంగాణలోని ఇళ్లకు ఇది వర్తించదు.

వాడడం తేలికే. యాప్ దింపుకుని పేరు, ఫోన్ నంబరు, చిరునామా నమోదు చేస్తే ఐడీ వస్తుంది. లొకేషన్ మాత్రం మీ గుమ్మం దగ్గర నిలబడి పెట్టండి, విల్లా నంబరు కూడా రాయండి. కాలనీ మెయిన్ గేటు లొకేషన్ పెడితే గస్తీవాళ్లు అక్కడిదాకా వచ్చి ఇల్లు వెతుక్కోవాల్సి వస్తుంది. ఊరెళ్లేముందు ఏ రోజు నుంచి ఏ రోజు వరకు నిఘా కావాలో యాప్‌లో తెలిపితే, పోలీసులు వచ్చి కదలికను పసిగట్టే కెమెరా పెడతారు. లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కు హెచ్చరిక వెళ్తుంది.

ఇబ్బందులు వచ్చేది కెమెరా పెట్టాకే. ఊరెళ్తూ కరెంటు మెయిన్ ఆపేయడం చాలామందికి అలవాటు. అప్పుడు కెమెరా కూడా ఆగిపోతుంది. గీజరు, ఏసీల ఎంసీబీలు (కరెంటు బోర్డులో ఒక్కో లైనుకు ఉండే బ్రేకర్ స్విచ్చులు) దించేసి, కెమెరా ఉన్న ప్లగ్గు లైను మాత్రం ఉంచండి. ఇన్వర్టర్ లైనైతే మరీ మంచిది. కెమెరా హాల్లో ఒక మూల నుంచి వీధి తలుపునూ వంటింటి దారినీ చూడాలి, కిటికీకి ఎదురుగా ఉండకూడదు. గాలికి ఊగే కర్టెన్, వాష్ ఏరియా సందులోంచి దూరే పిల్లి, ఆఖరికి లెన్సు మీద పాకే బల్లి కూడా హెచ్చరిక పంపించగలవు. కర్టెన్లు ముడేయండి, వాష్ ఏరియాకు మెష్ బిగించండి. మొక్కలకు నీళ్లు పోయమని పనమ్మాయికి తాళంచెవి ఇవ్వకండి. ఆవిడ అడుగుపెట్టినా హెచ్చరికే. కుండీలు వరండాలో పెడితే సరిపోతుంది.

సేవ మంచిదే, నమ్మి వాడొచ్చు. కానీ కెమెరా చూసేది దొంగ లోపలికి వచ్చాకే. అతన్ని గుమ్మం దగ్గర ఆపాల్సింది తలుపే. గొళ్లానికి బయట వేలాడే తాళంకప్ప ఇంట్లో ఎవరూ లేరని రోడ్డు మీదికే చెప్పేస్తుంది. దాని బదులు తలుపు లోపలివైపు బిగించే మూడు బోల్టుల రిమ్ లాక్ పెట్టించండి: బయటికి తాళంచెవి రంధ్రమే కనిపిస్తుంది. గునపంతో బలంగా తోస్తే చాలాసార్లు లాక్ చెక్కుచెదరదు, ద్వారబంధం వైపు బోల్టులు దిగే రేకు ఊడొస్తుంది. దాన్ని ముప్పాతిక అంగుళం స్క్రూలతో బిగించి వదిలేయడమే కారణం. రెండున్నర అంగుళాల స్క్రూలు వేయించండి, టేకు చీలకుండా ముందు సన్నగా డ్రిల్ చేయించండి. వెనక తలుపుకు ఒక్క అల్యూమినియం గడియే ఉంటే, లోపల అడ్డంగా ఇనుప గెడ తప్పనిసరి.

పాలు, పేపరు ఆపించండి. ఇక ముగ్గు. వారం రోజులుగా ముగ్గు పడని వాకిలి వీధిలో అందరికీ కనిపిస్తుంది, కాబట్టి బయట ఊడ్చి ముగ్గేసే పని ఆపించకండి. బంగారం బ్యాంకు లాకర్లోనే.

స్టేషన్ దగ్గరుండే కెమెరాలు పరిమితం, పండగలకు అందరూ అడుగుతారు. అందుకే వారం, పది రోజుల ప్రయాణాలకు ఇది బాగా సరిపోతుంది. ఆరు నెలలు వెళ్లేవాళ్లు సొంతంగా సిమ్‌తో నడిచే కెమెరా పెట్టుకుని, స్టేషన్లోనూ చెప్పి వెళ్లడం మేలు.

తిరిగొచ్చిన రోజు తలుపు తీయకముందే నిఘా ఆపించండి. లేకపోతే మీ సూట్‌కేసులు హాల్లోకి చేరేలోపే గస్తీ బండి గుమ్మం ముందుంటుంది.