పాప్-అప్ ట్రైలర్ లిఫ్ట్ కేబుల్ కిట్: సరుకు బాగుంది, సూచనల కాగితమే బాలేదు

పాప్-అప్ ట్రైలర్ (కప్పు పైకి లేచే క్యాంపింగ్ బండి) పైకప్పు ఒక మూల వాలిందని వెంటనే వించ్ (హ్యాండిల్ తిప్పితే కేబుల్‌ని చుట్టుకుని లాగే యంత్రం) మార్చేయకండి. చాలా పాప్-అప్ ట్రైలర్లలో వించ్ నుంచి వచ్చే పెద్ద కేబుల్ అడుగున ఒక ఇనుప పలకను లాగుతుంది, ఆ పలక నుంచి నాలుగు మూలలకీ నాలుగు కేబుళ్ళు వెళ్తాయి. కప్పు అసలు లేవడం లేదంటే వించ్‌నో పెద్ద కేబుల్‌నో చూడాలి, ఒక్క మూలే కిందుండిపోతే ఆ మూలకి వెళ్ళే కేబుల్, పుల్లీ, పోస్ట్ (కప్పుని మోసే, ఒకదాంట్లో ఒకటి జారే స్తంభం) చూడాలి. మా దాంట్లో వెనక ఎడమ మూల జానెడు కిందే ఆగిపోయేది, అందుకే కేబుళ్ళూ పుల్లీలూ కలిసి వచ్చే కిట్ తెప్పించి నేనే బిగించాను. ఇప్పుడు నాలుగు మూలలూ సమంగా లేస్తున్నాయి.

పాత కేబుల్ పైకి చూస్తే ఏ లోపమూ లేదు. పుల్లీ మీద వంగే చోట గుడ్డ పెట్టి తుడిస్తే మాత్రం గుడ్డ పట్టుకుపోయింది, లోపలి తీగలు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి (వట్టి చేత్తో తడిమితే వేలు కోసుకుంటుంది, జాగ్రత్త). పుల్లీ కూడా తుప్పుపట్టి తిరగడం మానేసింది, కేబుల్ దాని మీద రాసుకుంటూ జారీ జారీ గాడి లోపల ఇంకో గాడి కోసేసింది. అలాంటి పుల్లీ ఉంచేసి కొత్త కేబుల్ వేస్తే అదీ అలాగే పోతుంది కాబట్టి రెండూ కలిపి మార్చాల్సిందే. నాలుగు కేబుళ్ళూ ఒకేసారి మార్చడం ఇంకా మంచిది, పాతది కొత్తది ఒకేలా సాగవు.

కిట్‌లో నాకు బాగా నచ్చింది కేబులే. ఏడు పేటలు, ఒక్కో పేటలో 19 సన్నని తీగలు ఉన్న రకం, చిన్న పుల్లీ మీద కూడా హాయిగా వంగుతుంది. పేటకి ఏడు తీగలే ఉండే రకం బిరుసుగా ఉంటుంది, ఇక్కడ త్వరగా తెగుతుంది. కొనేముందు ఇది ఒక్కటీ తప్పకుండా చూడండి.

కోపం వచ్చింది సూచనల కాగితం చూసి. కప్పు పైకెత్తి పాత కేబుల్ వదులు చేయమంటుందే గానీ నాలుగు మూలలా గట్టి కర్రలు గానీ పైపులు గానీ ఆనించాలన్న ముక్క ఎక్కడా లేదు! కేబుల్ విప్పితే కప్పు బరువంతా కింద ఉన్న మనిషి మీదే పడుతుంది. అది మొదటి వాక్యంగా అచ్చువేయాల్సిన మాట. యు-క్లిప్పులు (మడిచిన కేబుల్ కొసని పట్టి ఉంచే బిగింపులు) ఎటు తిప్పి బిగించాలో కూడా బొమ్మలో తెలియదు. బరువు లాగే కేబుల్ వైపు క్లిప్పు దిమ్మ ఉండాలి, యు ఆకారపు బోల్టు మిగిలిన కొస మీదికి రావాలి. తిరగేసి పెడితే బోల్టు లాగే కేబుల్‌నే నలిపేస్తుంది.

బిగించాక పలక దగ్గరి నట్లు కొంచెం కొంచెంగా తిప్పుతూ మూలలు సరిచేసుకోవాలి. కొత్త కేబుల్ మొదట్లో కాస్త సాగుతుంది, కొన్నిసార్లు ఎత్తి దించాక మళ్ళీ ఒకసారి సరిచేసి, క్లిప్పుల నట్లు కూడా బిగించాలి. కప్పు పూర్తిగా దిగాక వించ్ డ్రమ్ము (కేబుల్ చుట్టుకునే భాగం) మీద కనీసం మూడు చుట్లు మిగిలేలా చూసుకోండి, అక్కడితో హ్యాండిల్ ఆపేయండి, ఇంకా తిప్పితే కేబుల్ వదులై అడ్డదిడ్డంగా చుట్టుకుంటుంది. బ్రేక్ వించ్ అయితే ఆ బ్రేక్ బిళ్ళలకి గ్రీజు, నూనె ఏదీ తగలనివ్వకండి, పట్టు పోతుంది. పోస్టులకి కూడా గ్రీజు వద్దు, దుమ్ము పట్టేస్తుంది, తడి లేని సిలికాన్ స్ప్రే చాలు.

చేత్తో పని చేసే అలవాటుంటే ఈ కిట్ నిశ్చింతగా కొనొచ్చు. పోస్టులే వంగి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటుంటే మాత్రం దీనితో ఏమీ కాదు, ముందు వాటి సంగతి చూడాలి.