సర్వర్ లాగిన్ మొరాయిస్తే: కెర్బెరోస్‌, ఎన్‌టీఎల్‌ఎమ్

విండోస్ డొమైన్‌లో ఫైల్ సర్వర్‌ను పేరుతో తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది, ఐపీ అడ్రస్ కొడితే మాత్రం చక్కగా తెరుచుకుంటుంది. అలాంటప్పుడు ముందు కెర్బెరోస్‌నే (టికెట్లతో యూజర్ ఎవరో రుజువు చేసే లాగిన్ పద్ధతి) అనుమానించాలి. ఐపీతో వెళ్తే మామూలుగా పనిచేసేది ఎన్‌టీఎల్‌ఎమ్, అంటే విండోస్‌లోని పాత లాగిన్ పద్ధతి.

కెర్బెరోస్‌కు పట్టింపులెక్కువ. రెండు మెషీన్ల గడియారాల మధ్య 5 నిమిషాలకు మించి తేడా ఉంటే డిఫాల్ట్‌గా ఒప్పుకోదు. డీఎన్‌ఎస్ (సర్వర్ పేరును ఐపీగా మార్చేది) సరిగ్గా ఉండాలి. ఒకే ఎస్‌పీఎన్ (సర్వర్‌లోని సేవను కెర్బెరోస్ గుర్తుపట్టే పేరు) రెండు అకౌంట్ల మీద నమోదైందా, ఇక గొడవే. అయితే ఎక్కడ ఆగిందో మాత్రం దాచదు. డొమైన్ కంట్రోలర్ (డొమైన్ లాగిన్లను తనిఖీ చేసే సర్వర్) సెక్యూరిటీ లాగ్‌లో 4771 ఈవెంట్ తెరవండి: ఫెయిల్యూర్ కోడ్ చివర 25 ఉంటే టైమ్ తేడా, 18 ఉంటే పాస్‌వర్డ్ తప్పు.

ఎన్‌టీఎల్‌ఎమ్‌కు టైమ్, ఎస్‌పీఎన్ బాధలు అంతగా లేవు. అందుకే చాలామంది ఐపీ పెట్టేసి చేతులు దులుపుకుంటారు. (ఆడిట్ వచ్చేదాకా హాయే.) కానీ రిలే దాడులకు (యూజర్ లాగిన్‌ను మధ్యలో పట్టుకుని వేరే సర్వర్‌కు పంపి చొరబడటం) ఇది సులువుగా దొరుకుతుంది, మైక్రోసాఫ్ట్ 2024లో దీన్ని డిప్రికేటెడ్ (ఇక అభివృద్ధి చేయని వాటి) జాబితాలో చేర్చింది. పైగా వెబ్ సర్వర్ నుంచి డేటాబేస్ సర్వర్‌కు యూజర్ గుర్తింపును మోసుకెళ్లలేదు; అక్కడ ‘అనానిమస్ లాగాన్’ ఎర్రర్ ఎదురవుతుంది.

నా ఓటు కెర్బెరోస్‌ను బాగుచేయడానికే. ఎస్‌పీఎన్ సరిచేశాక యూజర్ మెషీన్‌లో పాత టికెట్లు తీసేయండి, లేదంటే అదే ఎర్రర్ మళ్లీ చూసి టెన్షన్ పడతారు.